షట్టర్ తెరిచి ఉన్నంతసేపు

పెట్టె ఒక్కసారి కీచుమంది. చుక్కను పట్టుకున్నానని చెప్పడం అన్నమాట. అరచేతిలో పట్టేంత నల్లటి పెట్టె ఇది. టెలిస్కోపు పక్కన అతుక్కుని కూర్చుంటుంది. ఫోన్‌లో నేను ఎటు చూడమంటే అటు టెలిస్కోపును తిప్పుతుంది, తనే ఒక చుక్కను ఎంచుకుని దాని వెంట పడుతుంది, ఫోటోలు కూడా తనే తీస్తుంది. ఆ కీచు వినగానే నా ఎడమకన్ను దానంతట అదే మూసుకుంటుంది. కుడికన్నుకు టెలిస్కోపు చివరి చల్లటి రబ్బరు అంచు తగులుతుందని ముఖం కొంచెం ముందుకు వంగుతుంది కూడా. తగలడానికి అక్కడేమీ ఉండదు. నల్లగొండలో మా మేడ మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పనీపాటా లేక ఒంటికన్ను మూసుకుని గాలిలోకి వంగిన రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్‌ను పక్కింటివాళ్లు చూస్తే ఏమనుకుంటారో! ఈ పెట్టెను నేనే ఇష్టపడి కొనుక్కున్నాను. బాగా పనిచేస్తుంది. అయినా నాకది గిట్టదు.

గిట్టకపోవడంలో దీని తప్పేమీ లేదు. తప్పంతా దీని ముత్తాతది. ఆ ముత్తాత మహబూబ్‌నగర్‌లో రజియా మేడం ఇంటికి వచ్చేదాకా ఈ పని చేసింది నేను. మేడం గురించి మీరు విని ఉండరు. ఆమె ఫోటోలు ఏ పుస్తకంలోనూ అచ్చు కాలేదు. ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ డిపార్ట్‌మెంటుకు పెద్ద. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు సలీం భాయ్ కుటుంబంతో ఉండేది. సలీం భాయ్‌ది కట్టెకోత మిషను. ఆ మిషనులో కోయించిన పలకలతోనే మేడం తన టెలిస్కోపుకు గొట్టం చేయించుకుంది. లోపలి అద్దం మాత్రం తన చేతులతో తనే నూరుకుంది.

ఎనభైల చివర్లో నాకు మొదటి పోస్టింగు ఆ కాలేజీలోనే. మాది చౌటుప్పల్ దగ్గర పల్లె. అమ్మా బాపూ కూలికి పోయేవాళ్లు. మా ఇంట్లో నెల జీతం ముఖం చూసిన మొదటి మనిషిని నేను. పిల్లల్లో నడిమిదాన్ని కనుక నాకు వచ్చిన ప్రతి వస్తువూ అప్పటికే ఎవరో ఒకరు వాడినదై ఉండేది. లంగా అక్కది, పలక అన్నది, చివరికి చర్చిలో నేను పాడాల్సిన పాట కూడా పోయినేడు అక్క పాడిందే. నన్ను ఓర్వలేనిదంటారు. అనుకోనివ్వండి. అన్నీ కొత్తవే దొరికినవాళ్లకు ఓర్చుకోవడం తేలికే.

కాలేజీలో చేరిన వారానికి మేడం నన్ను స్టాఫ్‌రూంలో ఎగాదిగా చూసి అడిగింది. "సుగుణా, నీకు కండ్లద్దాలు లేవు గద?"

"లేవు మేడం."

"చదివేటప్పుడు గూడ?"

"అవసరం రాలేదు మేడం."

"అయితే శనివారం పొద్దు గూకినంక మా ఇంటికి రా. చాయ్ తాగుదాం."

చాయ్ తాగాం. తర్వాత మేడ మీదికి తీసుకుపోయి, పెద్ద టెలిస్కోపు వీపున కట్టిన చిన్న టెలిస్కోపు దగ్గర నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది. కంటి దగ్గరి అద్దంలో ఎర్రగా మెరిసే రెండు గీతలు అడ్డంగా నిలువుగా ఉన్నాయి. వాటి నడుమ ఒక చుక్క. చేతిలో నాలుగు మీటల డబ్బా పెట్టింది. దాన్ని కంట్రోలర్ అంటారని చెప్పింది. "చుక్క గీతల నడుమనుంచి జరుగొద్దు. ఇటు జరిగితే అటు మీట, అటు జరిగితే ఇటు మీట. అంతే పని."

అంతే పని అంటే అంతే కాదు. భూమి తిరుగుతుంది కాబట్టి చుక్కలు జరుగుతుంటాయి. టెలిస్కోపును వాటి వెంట తిప్పడానికి మోటారు ఉంటుంది కానీ దాని పళ్లచక్రాలు ఒక తీరుగా తిరగవు. పెద్ద టెలిస్కోపుకు బిగించిన కెమెరా షట్టర్ చాలాసేపు తెరిచి ఉంచితే తప్ప రీలు మీద ఆ మసక వెలుగు పడదు. ఆ సేపంతా ఎవరో ఒకరు రెప్ప కొట్టీ కొట్టకుండా ఒకే చుక్కను కాపలా కాయాలి. కాయకపోతే ఫోటోలో చుక్కలన్నీ గీతలవుతాయి. ఆ సాయంత్రం నేను కాశాను. చుక్క జరగలేదు. మేడం నా పక్కన నిలబడి, "మంచి నజర్ ఇచ్చిండు నీకు దేవుడు," అంది. గొంతు కొంచెం బరువుగా ఉంది. నేనది మెచ్చుకోలనుకున్నాను. ఇంట్లో, బడిలో, కాలేజీలో నన్నెవరూ అలా మెచ్చుకోలేదు. మహబూబ్‌నగర్ వీధుల్లో నా కిరాయి గదికి దాదాపు ఎగురుకుంటూ వెళ్లాను.

ఆ తర్వాత అమావాస్య దగ్గరపడితే చాలు, సలీం భాయ్ జీపులో అచ్చంపేట దాటి వాళ్ల మెట్టపొలానికి, చెలకకు పోయేవాళ్లం. అక్కడ కరెంటు దీపాల వెలుగు ఉండదు. బోరు మోటారు రూము పక్కన టెలిస్కోపు నిలబెట్టి, జీపు బ్యాటరీకి మోటారు తగిలించి, సలీం భాయ్ సీట్లో దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. నేను కన్ను పెట్టేదాన్ని. మేడం షట్టర్ తెరిచి ముచ్చట మొదలుపెట్టేది.

ఆ ముచ్చట ఒక పద్ధతి ప్రకారం నడిచేది. కన్ను పెట్టిన మనిషి మాట్లాడకూడదు, తల ఊపకూడదు, నవ్వకూడదు. పక్కన ఉన్న మనిషి మాత్రం ఆగకుండా మాట్లాడాలి. ప్రశ్నలు అడగకూడదు, నవ్వించకూడదు. అది మేడం పెట్టిన రూలే, తప్పేదీ మేడమే. అద్దం నూరిన ముచ్చట చెప్పిన రోజు నా పని అయిపోయింది.

"ఏడాదంత నూరిన సుగుణా. రోజు తెల్లారంగనే బర్రు బర్రుమని సప్పుడు. మా గల్లీల అందరు ఏమనుకున్నరో తెలుసా? సలీం వాళ్లింట్ల కత్తులు నూరుతున్నరని. బక్రీద్ వచ్చె, పాయె. సప్పుడు మాత్రం బందయితలేదు. ఆఖరికి పక్కింటి సాబ్ వచ్చి మా బాపును అడిగిండు, 'ఎన్ని మేకలున్నయి భాయ్ మీకు?' అని."

కడుపులోంచి నవ్వు తన్నుకొస్తుంటే పెదవి కొరుక్కుని చుక్కను పట్టుకున్నాను. అంతలో షట్టర్ మూసిన చప్పుడు. "అయిపోయింది. లే, మెడ సదురుకో." నేను రెప్పలు నులుముకుంటూ, "మీ బాపు ఏమన్నడు మేడం?" అన్నాను. "అది ఇంకో ఫోటోకు," అంది. ఎంత బతిమాలినా అంతే. షట్టర్ తెరిచి ఉన్నంతసేపే ముచ్చట. మూసుకుంటే కథ ఎక్కడున్నా అక్కడే ఆగిపోయేది. మబ్బు పట్టిందంటే నాకు ఏడుపొచ్చేది. చుక్కలు కనిపించవని కాదు, బాపు ఏమన్నాడో ఇంకో నెలదాకా తెలియదని.

చీకట్లో నా చెవి పక్కన మేడం గొంతు. అది నాది, ఇంకెవరిదీ కాదు. పగలు కాలేజీలో ఆమె అందరి మేడం. పిల్లలు ఆమె చుట్టూ తేనెటీగల్లా ముసిరేవాళ్లు, ఆమె వాళ్ల నెత్తి మీద చెయ్యి వేసి మాట్లాడేది. నేను దూరంనుంచి చూస్తూ కళ్లలో నిప్పులు పోసుకునేదాన్ని. ఒకసారి లెక్కలు చెప్పే విజయలక్ష్మి తనూ వస్తానంది. మేడం వద్దనలేదు. చెలకలో నా స్టూలు మీద విజయలక్ష్మిని కూర్చోబెట్టి, షట్టర్ తెరిచి, "మా గల్లీల అందరు ఏమనుకున్నరో తెలుసా?" అని మొదలుపెట్టింది. అదే బక్రీద్, అవే మేకలు, అదే పక్కింటి సాబ్. మా అక్క పాడిన పాట నాకిచ్చినప్పుడు కూడా అంత మండలేదు. విజయలక్ష్మి పడీపడీ నవ్వింది. రీలు కడిగితే చుక్కలన్నీ సేమ్యా ముక్కల్లా వచ్చాయి. నాకెంత చల్లగా ఉందో చెప్పలేను. ఆమె మళ్లీ రాలేదు.

మనుషులను అలా ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చాను కానీ పెట్టె వస్తుందని అనుకోలేదు. తొంభైల నడుమ మేడం అక్క కొడుకు దుబాయి నుంచి తెచ్చాడు. ఇటుక రంగులో ఇటుకంత పెట్టె, దానికో వైరు, వైరు చివర బొటనవేలంత కెమెరా. నేను కన్ను పెట్టే చోట ఆ కెమెరా బిగించాలి. నా చేతిలోని మీటల డబ్బా వైరు దానికి తగిలించాలి. ఆటోగైడర్ అంటారట. చుక్క కొంచెం జరగ్గానే అదే చూసి, అదే మీట నొక్కినట్టు టక్కుమంటుంది. ముందు కొత్త వస్తువని నేనూ సంబరపడ్డాను. చెలకలో మొదటిసారి దాన్ని బిగించి, మేడం షట్టర్ తెరిచేదాకా నాకు అర్థమే కాలేదు. టక్, టక్, టక్. పక్కన మేడం నిలబడి ఉంది, మాట్లాడటం లేదు. కాసేపటికి, "చల్ సుగుణా, చలి పెడుతున్నది, జీపుల కూసుందాం," అంది. జీపులో సలీం భాయ్ కట్టె రేటు పెరిగిన సంగతి చెప్పాడు. ముగ్గురం ఫ్లాస్కులో చాయ్ తాగాం. మేడం అద్దంలోంచి బయటికి చూస్తూ తనలో తను నవ్వుకుంటూ ఉంది. నేను చీకట్లో ఆ టక్కుటక్కులు వింటూ, నా సవతి కాపురం చేస్తున్న చప్పుడు విన్నట్టు కూర్చున్నాను.

పైగా అది నాకంటే బాగా చేసింది. ఆదివారం పొద్దున మేడం ఇంట్లో ఎర్రబల్బు వేసిన స్నానాలగదిలో ఫోటోలు కడిగాం. తడి ఆరకముందే ఒకదాని పక్కన ఒకటి పెట్టి భూతద్దంతో చూసింది. ఒకటి పోయినేడు నేను కన్ను పెట్టింది, ఇంకొకటి పెట్టెది. రెండింట్లోనూ ఓరియన్ చుక్కల గుంపులోని అదే వెలుగు మేఘం.

"చూడు సుగుణా. నీ చుక్కలు జర కోడిగుడ్డు లెక్కున్నయి. దీనివి ముత్యాల లెక్క గుండ్రంగున్నయి."

"నాకు ఆరోజు దగ్గొచ్చింది మేడం."

"దీనికి దగ్గు రాదు గద."

మేడం అబద్ధం చెప్పదు. అదే ఆమెతో కష్టం. కోడిగుడ్డును ముత్యం అనదు. నేను చేతులు కడుక్కుని, పని ఉందని చెప్పి వచ్చేశాను. గదికి వచ్చి అద్దంలో నా కళ్లు చూసుకున్నాను. ఏం తక్కువని? ఎర్రబడటం తప్ప ఏ లోపమూ కనిపించలేదు.

నాకూ ఒక రోజు వచ్చింది. తర్వాతి అమావాస్యకు చెలకలో పెట్టె మీది అంకెలు సున్నా దగ్గరినుంచి కదల్లేదు. అంటే చుక్క ఒక్క వెంట్రుకవాసి కూడా జరగడం లేదన్నమాట. టక్కుటక్కులు కూడా లేవు. "ఎంత మంచిగ పట్టుకున్నది!" అని మేడం మురిసిపోయింది. తీరా రీలు కడిగితే మొదటినుంచి చివరిదాకా గీతలే, విజయలక్ష్మి సేమ్యా కంటే పొడుగు. పెట్టెతో వచ్చిన పుస్తకం తిరగేస్తే సంగతి తెలిసింది. ఆ బొటనవేలంత కెమెరాలో పుట్టుకతో కొన్ని మచ్చలుంటాయట, అవి చీకట్లో కూడా వెలుగుతుంటాయి. అందుకని పని మొదలుపెట్టేముందు టెలిస్కోపుకు మూత పెట్టి పెట్టెకు ఒకసారి చీకటిని చూపించాలి. అప్పుడది తన మచ్చలేవో తెలుసుకుని వాటిని లెక్కలోంచి తీసేస్తుంది. ఆరోజు తొందరలో మేము మూత పెట్టలేదు. పెట్టె తన మచ్చనే చుక్క అనుకుని కాపలా కాసింది. కంట్లో ఉన్నది ఎందుకు జరుగుతుంది?

ఆ సాయంత్రం మేడం ఇంటి మేడ మీద, ఇంకా వెలుగుండగానే, నా సంతోషాన్ని ఆపుకోలేకపోయాను. "మీ దుబాయి పెట్టె తన కంట్లో నలుసును చూసి చుక్క అనుకుందట మేడం! ఎంత తెలివి! మనిషి కన్ను అట్ల చేస్తదా ఎక్కడన్నా?"

మేడం నవ్వుతుందనుకున్నాను. ఆరేసిన దుప్పటి మడతపెడుతున్నదల్లా ఆగి గోడ మీద కూర్చుంది.

"చేస్తది సుగుణా. నా కన్ను గట్లనే చేసింది. దానికి లేని చుక్క కనవడ్డది. నాకు ఉన్న చుక్క కనవడదు. అంతే ఫరక్."

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. "నువ్వు వచ్చేదానికి ముందటేడు. చుక్కను సూటిగ చూస్తే మాయమయ్యేది. పక్కచూపుతోటి అందాజగ నిలవెట్టిన. రీలంత గీతలే. హైదరాబాద్ల దవాఖానకు పోతే కంటి నడిమిట్ల మచ్చ అన్నరు. ఒక కంట్ల పూర్తిగ, రెండోదాంట్ల షురూ అన్నరు. సలీంకు గూడ చెప్పలే. అందుకే నిన్ను కండ్లద్దాల ముచ్చట అడిగిన."

గోడ మీద దుప్పటి జారిపోతుంటే పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. "ఇన్నేండ్లు నీ కన్నుతోటి ఫోటోలు తీసిన. అందరు రజియా మేడం తీసిందనిరి. నేను పక్కన నిలబడి షట్టర్ తెరిచిన, మూసిన. నువ్వు చుక్క జరుగకుంట నిలవెట్టినప్పుడల్ల నాకు ఖుషీ కాకపోయేది, కుళ్లు పుట్టేది. ఆ కన్ను నాకుంటే అని. ఇగ ఆ పెట్టె వచ్చినంక, నా ఫోటో నేను తీసుకున్న. గుండ్రంగ వచ్చె. నీకు నచ్చలేదని నాకు తెలుసు."

ఇంకెవరైనా అయితే జాలిపడి ఉండేవాళ్లు. నాకూ జాలి కలిగింది, లేదనను. కానీ దాని వెనకే ఇంకో ప్రశ్న లేచింది. ఆ ప్రశ్నే నాకు ముఖ్యం. "మరి ఆ ముచ్చట్లన్ని నాకెందుకు చెప్పిన్రు మేడం?"

ముందే చెప్పాను, ఆమె అబద్ధం చెప్పదు. "నువ్వు కన్ను తీస్తవని భయం. సలి పెడుతుండె, మెడ గుంజుతుండె. వయసు పిల్లవు. ముచ్చట ఉంటే కూసుంటవని. సగంల ఆపింది గూడ అందుకే. మల్ల రావాలె గద."

అప్పటిదాకా నేను పిల్లల మీద కుళ్లుకున్నాను, విజయలక్ష్మి మీద కుళ్లుకున్నాను, ఒక పెట్టె మీద కుళ్లుకున్నాను. ఆ క్షణంలో నా కన్ను మీద నాకే కుళ్లు పుట్టింది. ఆ ముచ్చట్లన్నీ ఆమె చెప్పింది దానికి, నాకు కాదు. నేను దాన్ని మోసుకొచ్చే మనిషిని మాత్రమే. లేచి మెట్ల వైపు నడిచాను. మసీదునుంచి సాయంత్రపు నమాజు పిలుపు, మగ్రిబ్ అజా మొదలైంది. మేడం దుపట్టా తల మీదికి లాక్కుని, అజా అయిపోయేదాకా పిలవలేదు. నేను మెట్ల దగ్గర నిలబడ్డాను, దిగలేదు. ఎందుకు దిగలేదో ఇప్పటికీ చెప్పలేను.

"యాడికి?" అంది. "షట్టర్ లేదు, చుక్క లేదు, నీ కన్నుతోటి ఇప్పుడు నాకు పని లేదు. వచ్చి కూసో. ఒక ముచ్చట చెప్త. ఇది ఎవ్వరికి చెప్పలే."

వెళ్లి కూర్చున్నాను. ఆమె మొదలుపెట్టింది. ఇంతకాలం ఆమె మాట్లాడుతుంటే నేను ఒక చుక్కను చూస్తూ ఉండిపోయాను. మాట్లాడేటప్పుడు ఆమె ముఖం ఎలా ఉంటుందో చూడటం అదే మొదటిసారి. కనుబొమలు ముందు కదిలేవి, తర్వాత మాట వచ్చేది. ఆమె నా కళ్లలోకి కాకుండా నా చెవి వైపు చూస్తూ చెప్పింది. నన్ను చూడాలంటే ఆమె అలాగే చూడాలని అప్పుడు తెలిసింది. మధ్యలో సలీం భాయ్ భార్య చాయ్ తెచ్చి పెట్టింది. చాయ్ మీద మీగడ కట్టింది. నేను రెండు చోట్ల ప్రశ్న అడిగాను, ఒక చోట పైకే నవ్వాను, ఇంకో చోట ఆమె చెయ్యి పట్టుకున్నాను. ముచ్చట ఎక్కడా ఆగలేదు. చివరిదాకా చెప్పి, "అయిపోయింది," అంది. తర్వాత ఏమైందని అడగడానికి ఏమీ మిగల్లేదు.

రెండో కంటి చూపు కూడా మందగించేదాకా మేడం ఆ పెట్టెతో ఫోటోలు తీసింది. మూత పెట్టి పెట్టెకు చీకటి చూపించడం నా పని. అది మరిచిపోకుండా చేశాను. ఒక్కో ఫోటో కడిగి ముఖానికి పక్కగా పట్టుకుని, "ఇది నేను తీసింది," అని చిన్నపిల్లలా చెప్పేది. ఆ సంతోషం చూస్తే నాకు బాగుండేది, కొంచెం మండేది కూడా. నేను పక్కనున్న అన్నేళ్లలో ఆ ముఖం అలా వెలగలేదు. పెట్టెతో రాజీకి వచ్చానని అనను. నా జీతంలోంచి నేను మొదటి టెలిస్కోపు కొనుక్కున్నది, నేను చూసిన ఆకాశాన్ని ఒక వందమంది ఆడపిల్లలకు చూపించింది, అంతా ఆమె నేర్పిన చూపే. నా కుళ్లును పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడకపోవడం కూడా ఆమె దగ్గర నేర్చుకున్నదే.

నిరుడు మేడం పోయారు. కాలేజీలో సంతాపసభ పెట్టారు. ఎక్కడెక్కడినుంచో శిష్యురాళ్లు వచ్చారు. ఒక్కొక్కరూ మైకు ముందుకు వచ్చి, మేడం నాతో ఒక ముచ్చట చెప్పిందని మొదలుపెట్టారు. బక్రీద్ మేకల ముచ్చట ముగ్గురు చెప్పారు, ముగ్గురూ అది తమ ఒక్కరికే చెప్పిందని నమ్ముతున్నారు. నేను చివరి వరుసలో కుర్చీ చేతులు బిగించి పట్టుకుని కూర్చున్నాను. ఎవరు లేచినా వాళ్ల నోటివైపే చూసేదాన్ని. ఈమేనా, ఈమెకూ చెప్పిందా, ఈమె నోటినుంచే ఇప్పుడు వస్తుందా అని. ఆఖరి అమ్మాయి కూడా మాట్లాడి కూర్చుంది. ఆ సాయంత్రం మేడ మీద నాకు చెప్పిన ముచ్చట ఎవరి నోటా రాలేదు. మాట్లాడమని నన్నూ పిలిచారు. మేడం మంచి టీచరని చెప్పి దిగాను. నల్లగొండ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పోయినామె కోసం ఏడుస్తూనే, పక్కవాళ్లు వింతగా చూసేంతగా నవ్వుకున్నాను.

ఇంతదూరం చదివిన మీకు ఆ ముచ్చటేమిటో తెలుసుకోవాలని ఉంటుంది. చెప్తే మీరు చూడని రజియా మేడం మీకు ఇంకొంచెం బాగా తెలుస్తుందని కూడా నాకు తెలుసు. కానీ ఆమె అది నాకు చెప్పింది. మీకు చెప్పను.